చెవి మేస్త్రి కొట్టి చూసిన ఇంజిన్

ఆ షెడ్డులో అందరూ ఆయన్ని చెవి మేస్త్రి అనేవారు. కారు వీధి మలుపు తిరగకముందే దాన్లో ఏ సిలిండర్ మూలుగుతోందో చెప్పేవాడు. నడిపేవాడు పొద్దున్నే పెళ్లాంతో గొడవపడి వచ్చాడో లేదో కూడా చెప్పేవాడని కొందరు అనేవారు. ఆ రెండోది కాస్త పెంచి చెప్పిందే. మొదటిది మాత్రం అక్షరాలా నిజం. అయితే అది ఒకప్పటి మాట.

ఇప్పుడాయనకి అరవై రెండేళ్లు. నలభై ఏళ్లు ఇంజిన్ల పక్కన తల పెట్టి పనిచేశాక ఎడమ చెవి పూర్తిగా సెలవు పుచ్చుకుంది. కుడిది సగం జీతానికి పనిచేస్తోంది. ఈ సంగతి తెలిసింది భార్యకొక్కదానికే. ఆవిడ ప్రతి మాటా రెండుసార్లు చెబుతుంది. రెండోసారి చెబుతున్నట్టు కనపడకుండా మాటలు కొంచెం అటూ ఇటూ మారుస్తుంది. షెడ్డులో మాత్రం ఆయన నోరు విప్పలేదు. చెవి లేని చెవి మేస్త్రి దగ్గరికి బండి ఎవరు తెస్తారు?

మందుల షాపాయన పాత కారు షెడ్డుకొచ్చి ఏడు నెలలైంది. వాళ్ల నాన్న కొన్న కారు. పదహారేళ్లు పాత దుప్పటి కింద పడి ఉంది. ఇంజిన్ మొత్తం విప్పాక మేస్త్రి సిలిండర్లుండే ఇనప దిమ్మని, అంటే బ్లాకుని, బల్ల మీద పెట్టించి, చిన్న ఇత్తడి సుత్తితో నాలుగు వైపులా కొట్టి చూశాడు. పగులు లేని ఇనుము గంటలా మోగుతుంది, పగిలిందైతే బొంగురుపోతుంది. ఆయన కొట్టినప్పుడు అదురు చేతికి తెలిసింది, చెవికేమీ తెలియలేదు. చుట్టూ జనం ఆయన ముఖమే చూస్తున్నారు.

"గంటలా మోగింది. బిగించెయ్యొచ్చు" అన్నాడు.

అదే షెడ్డులో రంగులు వేసే బావమరిది, ఎందుకైనా మంచిది సుద్దపొడితో కూడా చూద్దామన్నాడు. సుద్ద బళ్లో పిల్లలకిరా అని మేస్త్రి కొట్టిపారేశాడు. అందరూ నవ్వారు, ఆయన కూడా నవ్వాడు.

తర్వాత నెలల తరబడి పని. అరిగినవి మార్చి, దొరకనివి చేయించి, ఇంజిన్ బిగించి, నీళ్లు పోసి తిప్పితే మొదటిసారే అందుకుంది. బావమరిది కారు చుట్టూ పెళ్లికొడుకులా తిరిగాడు. సాయంత్రం మేస్త్రి ఆయిల్ కొలిచే కడ్డీ బయటికి లాగితే ఆయిల్ కాఫీ రంగులో ఉంది. లోపల ఎక్కడో నీళ్లు దాన్లో కలుస్తున్నాయి. నీళ్లు కారకుండా అతుకుల మధ్య వేసే గాస్కెట్టే పోయి ఉంటుందనుకుని మార్చాడు. రెండో రోజు మళ్లీ కాఫీ.

ఇంజిన్ మళ్లీ కిందికి దించాల్సి వచ్చింది. బిగించిన ప్రతి నట్టూ మళ్లీ విప్పుతుంటే ఆయన నడుము ఒక్కో నట్టుకీ ఒక్కో మాట అంది. చివరికి ఖాళీ బ్లాకు బల్ల మీదికొచ్చింది. ఈసారి సుత్తి తీయలేదు. కిరసనాయిలు పూసి, నానాక పొడిగుడ్డతో తుడిచి, సుద్దపొడి చల్లాడు. పగులుంటే దాన్లోకి ఇంకిన కిరసనాయిలు సుద్దని తడిపి బయటపడుతుంది. కాసేపటికి రెండో సిలిండర్ పక్కనుంచి వెంట్రుకంత నల్లగీత తెల్లపొడి మీద కిందికి పాకింది. గోరుతో గీకితే ఎండిపోయిన లప్పం రాలింది. ఎప్పుడో ఎవరో పగులు పూడ్చి, పైన రంగేసి వదిలేశారు. కంటికి దొరికే పగులు కాదు. చెవికైతే దొరికేది.

బావమరిది వంగి చూసి, చాలాసేపు తల గోక్కున్నాడు.

"పాత మెకానిక్ మీద తోసెయ్ బావా. వాడు పోయే ఉంటాడు, వచ్చి అడగడు."

తోసెయ్యొచ్చు. మందుల షాపాయన నమ్ముతాడు కూడా. మేస్త్రి పాత టైరు మీద కూర్చుని ఆలోచించాడు. దీని తర్వాత ఇంకో బ్లాకు బల్లెక్కుతుంది. సుత్తి పట్టుకుని, వినిపించని దాన్ని గంటలా మోగిందని మళ్లీ చెప్పాలి. విప్పిన ఇంజిన్ని ఇంకో పదిసార్లు విప్పడం కంటే అదే ఎక్కువ కష్టంగా తోచింది.

పొద్దు వాలేవేళ షాపాయన వచ్చాడు. మేస్త్రి గీత చూపించాడు.

"పగులు పాతదేనండీ. కానీ నేను ఆ రోజే పట్టుకోవాల్సింది. నాకు వినపడలేదు."

"వినపడకపోవడమేంటి?"

"రెండేళ్లుగా ఎడమ చెవి పనిచెయ్యదు, కుడిది సగమే. కొట్టాను. మోగిందని ఊరికే అనేశాను."

షాపాయన తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. కొత్త రంగు మెరుస్తున్న తలుపు మీద చెయ్యి ఆనించి నిలబడ్డాడు. వాళ్లమ్మని ఆదివారం కారెక్కిస్తానని చెప్పేశాడట. ఆవిడ అప్పుడే చీర కూడా తీసి పెట్టుకుందట. తర్వాత గుమ్మం వైపు నడుస్తూ, ముఖం అటు తిప్పుకునే ఏదో అన్నాడు. మేస్త్రికి అందలేదు.

ఇంతకుముందైతే తలూపి ఊరుకునేవాడు.

"ఏమన్నాడురా?" అని అడిగాడు.

బావమరిది టైరు చుట్టూ తిరిగి కుడివైపుకి వచ్చి, గొంతు పెంచాడు.

"ఇంకో బ్లాకు ఎక్కడైనా దొరుకుతుందేమో చూడమన్నాడు. దొరికితే తనని కూడా పిలవమన్నాడు. నువ్వు కొట్టాలట, ఆయన వింటాడట."

అంతా చెప్పి బావమరిదే నొసలు చిట్లించాడు.

"మందులమ్మేవాడికి ఇనుము చప్పుడేం తెలుస్తుంది బావా?"

"నేర్పుదాంలే" అన్నాడు మేస్త్రి. లేవబోయి, నడుము ఒప్పుకోక, ఆ టైరు మీదే మరికాసేపు కూర్చున్నాడు.