పోపుల డబ్బాలో జీపు

నేను డిగ్రీ చదివే రోజుల్లో, పెద్దవంగరలోని మా ఇంట్లో ఏ వస్తువు చెడిపోయినా దాన్ని దుకాణానికి తీసుకుపోవడమంటే మా బాపుకు ఓడిపోయినట్టే. ఫ్యానైనా, నీళ్ల మోటారైనా ముందు వాకిట్లో విప్పి చూడాల్సిందే. అలా విప్పినవాటిలో సగం బాగయ్యేవి, మిగతా సగం మంచం కిందికి చేరేవి. (అమ్మ ఆ మంచం కింద ఊడ్వడం ఎప్పుడో మానేసింది.) కాబట్టి మా పాత జీపు నల్లపొగ కక్కడం మొదలుపెట్టినప్పుడు, "ఇంజన్ ఇంటికాడనే దించుదాం. మానుకోటకు ఉత్త ఇంజనే తీస్కపోతే అయిపాయె" అని బాపు అంటే ఎవరమూ ఆశ్చర్యపోలేదు. ఆశ్చర్యపోయే తీరిక కూడా లేదు. మిర్చి ఏరే రోజులు దగ్గరపడ్డాయి. మా వాడ ఆడవాళ్లను తోటలకు చేర్చేది ఆ జీపే. వచ్చే సోమవారం పొద్దున అది కదలకపోతే వాళ్లు వేరే బండి మాట్లాడుకుంటారు, ఇక ఆ కాలమంతా మా జీపు ఖాళీయే.

సాయానికి పానా మామ వచ్చాడు. అమ్మకు తమ్ముడు. చేతిలో పానా లేకుండా ఆయన్ను చూసినవాళ్లు లేరు కాబట్టి ఆ పేరు. మూడు లావుపాటి వాసాలు నిలబెట్టి, పైన కలిపి కట్టి, గొలుసు కప్పీ వేలాడదీశారు. మా అవ్వ (బాపు వాళ్లమ్మ) పక్కనే మంచం వాల్చుకుని చింతపండు గింజలు తీస్తూ పర్యవేక్షణ మొదలుపెట్టింది. "గట్ల గుంజకుర్రి, దానికి నొస్తది." ఇంజను గాల్లోకి లేచింది, బాపూ మామా జీపును వెనక్కి నెట్టారు, ఇంజను ఒంటరిగా ఊగుతూ మిగిలింది. అవ్వ లేచి దానికి పసుపు కుంకుమ పెట్టి, "పురుడైంది. ఇగ తల్లికి గాలి తగలనియ్యకుర్రి" అని ఖాళీ అయిన జీపు ముందుభాగం మీద తన గొంగడి కప్పింది.

విప్పిన నట్లకూ బోల్టులకూ బాపు పద్ధతి ఒకటుంది. నేల మీద గోనెసంచి పరిచి, ఏది ఎక్కడ నుంచి ఊడిందో సరిగ్గా ఆ చోటే పెడతాడు. జీపు ముందు భాగానివి గేటు వైపు, గేరు డబ్బావి గోడ వైపు. బాపు కళ్లకు అది ఇంజను పటం. నా కళ్లకు చెత్త. "జర పైలంగ సూస్కో బిడ్డా" అని ఆ సంచిని నాకు అప్పగించి, ఇంజన్ను ట్రాలీ ఆటోలో వేసుకుని ఇద్దరూ మానుకోటలోని మెకానిక్ దగ్గరికి పోయారు.

పైలమని నాతో అనకుండా ఉండాల్సింది. అసలే నాకు ప్రతిదానికీ భయం. కోళ్లు కెలికితే? వాన పడితే? తుప్పు పడితే? ఒక్క పూట ఓర్చుకున్నాను. తర్వాత అన్నింటినీ డీజిల్‌తో కడిగి, పాత చీర ముక్కతో తుడిచి, అమ్మ పోపుల డబ్బా ఖాళీ చేసి, కాలేజీ ల్యాబులో సీసాలు సర్దినట్టు పొడుగును బట్టి ఏడు గిన్నెల్లో సర్దాను. (ఆవాలూ మెంతులూ ఒకే పొట్లంలో పోసినందుకు అమ్మ పెట్టిన చీవాట్లు ఇక్కడ రాయను.)

గురువారం ఇంజను తిరిగొచ్చింది. బాపు వాకిలంతా చూశాడు.

"గోనెసంచి ఏది బిడ్డా?"

"ఉతికి ఆరేసిన బాపూ."

మామ డబ్బా మూత తీశాడు. జీలకర్ర వాసన గుప్పుమంది. "బావా, నీ బిడ్డ జీపుకు తాలింపు పెట్టింది!"

బాపు తిట్టలేదు. "సోమారం..." అని ఆగిపోయి, నా ముఖంలోకి ఊరికే చూశాడు. తిట్టినా బాగుండేది. నేను ఏడుపు అందుకున్నాను.

"ఏడ్వకు. ఊడదీసిననాడు నేను ఈడనే ఉన్న గద" అంది అవ్వ. ఆమెకు బోల్టుల గురించి ఏమీ తెలియదు. కానీ మామ పడ్డ అవస్థలన్నీ వరసగా గుర్తున్నాయి. డబ్బా ఒళ్లో పెట్టుకుని ఒక్కొక్కటే పైకెత్తింది. "గిది ఊడంగనే మీ మామ మోచెయ్యి కొట్టుకొని కోతి లెక్క ఎగిరిండు."

"అవు బావా! గేరు డబ్బ కాడ!"

"గీ మొండిదాన్ని గుంజుతుంటే ఛాయ్ ఒలకబోసిండు."

"రేడియేటర్! అత్తమ్మా, నువ్వు చింతపండు తీసినవా, నన్ను సూస్కుంట కూసున్నవా?"

"సినిమా ఇంటికే అచ్చినంక చింతపండు ఎవలు సూస్తరు?"

నేను నోటుబుక్కులో రాసుకుంటూ పోయాను: మోచెయ్యి అంటే గేరు డబ్బా, ఛాయ్ అంటే రేడియేటర్, బొటనవేలు అంటే ఎడమ పక్క. అలా ఆదివారం సాయంత్రానికి ఇంజను కూర్చుంది. రెండు బోల్టులు మిగిలాయి. "తక్కువైతె ఫికరు గని, ఎక్కువైతె ఏం ఫికరు?" అన్నాడు మామ. బాపు మాత్రం టార్చి పట్టుకుని జీపు కింద దూరి, ప్రతి బోల్టునూ ఇంకోసారి బిగించి వచ్చాడు.

సోమవారం తెల్లవారగానే జీపు ఒక్కసారి దగ్గి, స్టార్టయింది. ఆడవాళ్లంతా ఎక్కారు. దారి మధ్యలో అది రెండు ముక్కలవడం ఖాయమనిపించి నేనూ ఎక్కాను. "కాలేజీ లేదా బిడ్డా?" అంటే లేదని అబద్ధమాడాను. ఆ రెండు బోల్టులూ గుప్పిట్లో పట్టుకుని తోట దాకా చెవులు రిక్కించి కూర్చున్నాను. ఏదీ ఊడలేదు. కానీ తోటకు పోయినదాన్ని ఊరికే కూర్చోనివ్వరుగా! రోజంతా మిరపకాయలు ఏరాను. రెండు రోజులు అన్నం చెంచాతో తిన్నాను.

ఇప్పుడు జనగామలో నాకో రెండేళ్ల పాప. జీపు తుక్కుకు పోయింది, అవ్వ కూడా లేదు. ఆ రెండు బోల్టులు మా బీరువా మీదున్నాయి. పాప నోట్లో పెట్టుకుంటుందేమోనని వారానికోసారి స్టూలెక్కి, అవి అక్కడే ఉన్నాయో లేదో చూస్తుంటాను. మొన్న పాప వంటింటి నుంచి హాలు దాకా చెంచాలూ గరిటెలూ పరిచింది. కాలికి తగిలి ఎవరైనా పడతారేమోనని నేను అన్నీ తీసి, కడిగి, పొడుగును బట్టి సర్దేశాను. పాప ఏడవలేదు. అచ్చం బాపులా నా ముఖంలోకి ఊరికే చూసింది.

అన్నీ మళ్లీ బయటకు తీసి నేల మీద కూర్చున్నాను. ఏది ఎక్కడుందో చెప్పడానికి మంచం మీద అవ్వ లేదు. కాసేపటికి, ఇందాక ఫ్రిజ్ దగ్గర బరువైనదేదో కాలివేలికి తగిలి నేను "అబ్బా" అన్నది గుర్తొచ్చింది. పెద్ద గరిటె అక్కడ పెట్టాను. పాప తలూపింది. అలా ఒక్కొక్కటే పెట్టుకుంటూ పోతే చివరికి రెండు చెంచాలు మిగిలాయి.

ఎక్కువైతే ఏం ఫికరు?