ఆపా కుట్టిన దానిమ్మ గింజల పిల్ల

పోయిన వారం వికారాబాద్‌లో మా మనవరాలి బడిలో పిల్లలు చేసిన వస్తువులు చూడటానికి వెళ్తే, గోడ మీద గ్రీకు పురాణాల్లోని పాముల జుట్టు ఆడమనిషి వేలాడుతోంది. అంతా పూసలతో కుట్టిన బొమ్మ, నల్లపూసలతో పెద్ద పెద్ద కళ్లు. అందరూ ఫోన్లెత్తి ఫొటోలు తీసుకుంటుంటే నేను మాత్రం బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాను. పూసలు చూస్తే మా అక్క, ఆపా గుర్తొస్తుంది, ఆపా గుర్తొస్తే ఆ రోజంతా నా మనసు కుదురుగా ఉండదు.

మాది తాండూరు. మా నాన్న, అబ్బా నాపరాళ్లకు పాలిష్ పట్టే చోట పనిచేసేవాడు. అమ్మీ నా చిన్నతనంలోనే పోతే నాయనమ్మ, మా దాదీయే మా ఇద్దరు అక్కాచెల్లెళ్లనూ పెంచింది. ఆపా బట్ట బిగించిన మగ్గం మీద పెళ్లిబట్టలకు పూసలు కుట్టేది. ఆ రోజుల్లో గాజుపూసలు కట్టలుగా దొరికేవని మన ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది. ఇప్పటి ప్లాస్టిక్ వాటిలా కాదు, గుప్పిట్లో పోసుకుంటే చల్లగా, బరువుగా ఉండేవి.

వికారాబాద్‌లో ఆడపిల్లలకు కుట్టుపని నేర్పే చోట ఉండే ఒక టీచరమ్మ ఆపా పనితనం చూసి, అక్కడ పూసల పని నేర్పే ఉద్యోగం ఖాళీగా ఉందని, సొంతంగా ఒక పెద్ద బొమ్మ కుట్టి తెస్తే పైవాళ్లకు చూపిస్తానని చెప్పి, గ్రీకు కథల బొమ్మల పుస్తకం ఒకటి ఇచ్చింది. పాతాళపు రాజు ఎత్తుకుపోయిన పిల్లను ఆపా ఎంచుకుంది. అక్కడ నాలుగు దానిమ్మ గింజలు తిన్న పాపానికి ఆ పిల్ల ఏటా కొన్ని నెలలు అక్కడే ఉండాలట, ఆ నెలల్లో పంటల దేవతైన ఆమె తల్లి దుఃఖానికి భూమ్మీద గడ్డిపోచ మొలవదట. కథ విని దాదీ కొంగుతో కళ్లొత్తుకుని, మన కందిచేలు ఎండేది కూడా ఏ తల్లి ఉసురో అంది. కానీ ఒక షరతు పెట్టింది. ప్రాణమున్న వాటి బొమ్మ చేయడం మా ఇంట లేదు, కళ్లు పెడితే ప్రాణం పోసినట్టే కాబట్టి, ముఖానికి కళ్లు పెట్టకూడదు. ఆపా సరేనని మూడు నెలలు వంచిన తల ఎత్తకుండా కుట్టింది.

తెల్లవారితే వికారాబాద్ తీసుకెళ్లాలి. కళ్లు లేని ఆ ముఖాన్ని చూసి అక్కడివాళ్లు నవ్వుతారని, ఆపాకు ఉద్యోగం రాదని నాకు ఒకటే బెంగ. పన్నెండేళ్ల బుర్ర కదా, మిడిమిడి పనితనం. మధ్యాహ్నం ఆపా నీళ్లకు పోయినప్పుడు మగ్గం కిందికి దూరి, ఆమె వేసిన చివరి ముడి విప్పి, అదే దారంతో రెండు నల్లపూసలు కుట్టేశాను. మగ్గం కుట్టు గొలుసులాంటిది, కొస వదులైతే మొదటిదాకా ఊడిపోతుంది. గట్టి ముడి వేయడం నాకింకా రాదు.

ఆపా నీళ్లతో తిరిగొచ్చేసరికి దాదీ చూసింది. తిట్టలేదు, భయపడింది.

"రేపు సచ్చినంక ఖుదా దీనికి జాన్ పొయ్యుమంటే ఏం జెప్తవ్ బిడ్డా" అని ఆపాతో అంటూ, ఆ రెండు పూసలే తీద్దామని దారం లాగింది. లాగిన దారం ఆగలేదు. నుదురు, బుగ్గలు, మెడ, చేతిలోని దానిమ్మ గింజలు జలజలా రాలి బండల మీద చెదిరిపోయాయి. "యా అల్లా, గిట్లెట్లాయె" అంటూ దాదీ అక్కడే కూలబడింది. పని నుంచి వచ్చిన అబ్బా కళ్లెవరు పెట్టారని అడిగాడు. ఆపా ఒక్కసారి నా వంక చూసి, "నేనే పెట్టిన అబ్బా" అంది. నేను వంగి, బండల మీది పూసలు ఏరుతూ ఉండిపోయాను.

ఆ ఉద్యోగం ఇంకెవరికో పోయింది. ఆపా మళ్లీ పూసలు ముట్టలేదు. చీరలకు ఫాల్స్ కుట్టుకుంటూనే జీవితమంతా గడిపింది. పండగలకు వచ్చేది, నా పిల్లలను ఎత్తుకునేది, ఆ సంగతి మాత్రం ఏనాడూ ఎత్తలేదు. ఎత్తితే బాగుండునని ఎన్నిసార్లు అనుకున్నానో. పోయిన చలికాలం ఆమె కూడా వెళ్లిపోయింది.

ఇప్పుడు మా ఇంట్లో ఏ గోడ చూసినా మనుషుల ముఖాలే, పసిపిల్లల ఫొటోల దగ్గర్నుంచీ పెళ్లిళ్ల ఫొటోల దాకా. తప్పని ఎవరూ అనరు, అనుకోరు కూడా. అబ్బా లేడు, దాదీ లేదు. ఆ కళ్లు పెట్టింది నేనేనని ఈరోజు చెప్పాలనుకున్నా, విని కోపగించుకునే వాళ్లు ఒక్కరూ మిగల్లేదు.