కెంపు కాదు, ఇజ్జా

మొరాకోలోని మెక్నెస్‌లో, మా వీధి హమామ్‌ స్నానశాలలో ఆడవాళ్ల వీపులు రుద్దే రుఖియా అంటే అందరికీ కాస్త బెరుకే. ఆమె చేతికి చిక్కితే మురికితోపాటు గొప్పలు కూడా రాలిపోతాయనేవారు.

పాత వజీరు మహల్‌ను మ్యూజియం చేశాక, ఊరివాళ్లకు టికెట్ లేని ఒక శుక్రవారం నన్ను వెంటబెట్టుకుని వెళ్లింది. వాళ్లమ్మ ఆ మహల్ వంటింట్లోనే ముసలిదైంది. ఉన్నన్నాళ్లూ వెనక సందు తలుపులోంచే రాకపోకలు. కూతురు మాత్రం పెద్ద దర్వాజాలోంచి చెప్పులు టపటపలాడించుకుంటూ నడిచింది.

లోపల గోడమీద వంటింటి ఆడవాళ్ల పాత ఫోటో ఉంది. మధ్యలో, గడ్డం మీద పచ్చబొట్టుతో వాళ్లమ్మ. కింద చిన్న చీటీ.

"ఏం రాశారే? చదువు."

"యాకూత్, పరిచారిక" అని చదివాను.

రుఖియా మొహం కందగడ్డయింది. "అది మా అమ్మ పేరా? కొండల్లోంచి పసిపిల్లను ఎత్తుకొచ్చి ఇక్కడ అమ్మేశారు. ఈ ఇంటావిడ నగలపెట్టె చూసుకుని యాకూత్, అంటే కెంపు, అని పిలిచింది. మా అమ్మ పేరు ఇజ్జా!"

అంటూనే చీటీ పీకేసింది. కాపలా ఉండే ఇద్రీస్ పరుగెత్తుకొచ్చాడు.

"పిన్నీ! ముట్టుకోకూడదు!"

"మా అమ్మను నేను ముట్టుకోకూడదట్రా?"

గొడవ విని మ్యూజియం అధికారి మేడమీంచి దిగివచ్చాడు. "అప్పట్లో అందరూ అలాగే పిలిచేవారమ్మా. మాకు దొరికిన పేరే రాశాం."

"గాడిదను కొన్నవాడు గాడిదకు పేరు పెట్టుకోవచ్చు బాబూ. మా అమ్మకు వాళ్లమ్మ పెట్టింది."

"పోలీసులను పిలవాల్సొస్తుంది."

"పిలువు. వాళ్ల పెళ్లాల వీపులు రుద్దేది కూడా నేనే."

పోలీసులు రాలేదు. కానీ ఆమెను మళ్లీ లోపలికి రానివ్వలేదు. చీటీని ఈసారి అద్దం వెనక పెట్టారు. రుఖియా హమామ్‌లో ఒంటికి సబ్బు పట్టించుకున్న ప్రతి మనిషికీ ఈ సంగతి చెప్పింది. పై శుక్రవారం ఆడవాళ్లు గుంపులుగా వెళ్లి, ఫోటో ముందు నిలబడి, "సలాం, ఇజ్జా పిన్నీ!" అని గట్టిగా పలకరించి వచ్చారు. వారాలు గడిచినా ఆ పలకరింపు ఆగలేదు. చూడవచ్చినవాళ్లు ఇజ్జా ఎవరని అడిగితే ఇద్రీసే చెప్పాల్సి వచ్చేది.

చివరికి ఆ అధికారి రుఖియాను లోపలికి పుదీనా టీకి పిలిచి కొత్త చీటీ చూపించాడు. ‘యాకూత్ అనబడే ఇజ్జా’.

"సంతోషమేనా అమ్మా?"

రుఖియా టీ మొత్తం తాగి గ్లాసు కింద పెట్టింది.

"సగమే సరిచేశారు. ఆ యాకూత్ కూడా తీసేదాకా వస్తాను" అని, పెద్ద దర్వాజాలోంచే బయటికి నడిచింది.