నా కారు గేర్‌బాక్స్‌లో ట్రాక్టర్ ఆయిల్

నా కారు గేర్‌బాక్స్‌లో ట్రాక్టర్ ఆయిల్ పోశారు. పోసినవాళ్లే తర్వాత గేర్‌బాక్స్ పోయిందన్నారు.

కారు పాతది, ఆటోమేటిక్. గొప్పకు కొన్నది కాదు. నా ఎడమ మోకాలు వంగదు, క్లచ్ తొక్కలేను. నా భార్యకు కామారెడ్డిలో డయాలసిస్. ఎల్లారెడ్డి నుంచి పోయేటప్పుడు ఎలాగో కూర్చుంటుంది. వచ్చేటప్పుడు వెనక సీట్లో పడుకోకపోతే ఆమె వల్ల కాదు. కారు ఆగితే బస్సే. ఒకసారి బస్సులో తీసుకొచ్చాను. నా భుజం మీద వాంతి చేసుకొని, నాతోనే "ఏమనుకోకు" అంది. అలాంటి ప్రయాణం నాకు మళ్లీ వద్దు.

వానలకు ముందు గేర్‌బాక్స్ సీలు కారుతోందని కామారెడ్డిలో ఒక షెడ్డుకు ఇచ్చాను. సీలు మార్చి, ఆయిల్ పోసి ఇచ్చారు. ఆ మర్నాటి నుంచే తిప్పలు. పొద్దున గేరు 'డి'లో పెడితే ఇంజను అరిచేది, బండి కదిలేది కాదు. కాసేపటికి ఎవరో వెనక నుంచి తన్నినట్టు ముందుకు దూకేది. ఆమె సీటు పట్టుకొని కళ్లు మూసుకునేది. లింగంపేట దాటి, బండి వేడెక్కాక కొంత సర్దుకునేది.

మళ్లీ షెడ్డుకు పోయాను. యజమాని బానెట్ కూడా ఎత్తలేదు.

"గేర్ల డబ్బా ఖరాబైంది బాపూ. తుక్కుకు ఇచ్చెయ్. మంచి గేర్ల బండి కొనుక్కో."

"క్లచ్ తొక్కనీకి ఎడమకాలు నువ్విస్తవా?"

"నా కాలు నీకేం పనికొస్తది, గదీ అరిగిందే!"

పక్కన ట్రాక్టరు కింద పడుకున్నవాళ్లు కూడా నవ్వారు.

ఇంటికి వచ్చేదాకా ఒకటే ఆలోచన. నేను బడిలో చదివింది తక్కువ. ఇంజన్ల సంగతి తెలిసిందంతా బావుల కాడ ఆయిల్ ఇంజన్లు విప్పి, బిగించి నేర్చుకున్నదే. గేరు పట్టే లోపలి పలకలు అరిగితే బండి వేడెక్కినకొద్దీ జారాలి. ఇక్కడ వేడెక్కితే మేలవుతోంది. అంటే డబ్బాది కాదు జబ్బు. చల్లగా ఉన్నప్పుడు చిక్కబడేది ఏదో లోపల ఉంది.

తెల్లారి వాకిట్లో, ఇంజను నడుస్తుండగానే గేర్‌బాక్స్‌లో ఆయిల్ చూసే పుల్ల తీసి తెల్లగుడ్డ మీద తుడిచాను. ఇన్నేళ్లూ ఆ ఆయిల్ దానిమ్మ రసంలా ఎర్రగా ఉండేది, నాకు బాగా గుర్తు. గుడ్డ మీద పడింది ట్రాక్టర్లలో పోసే ఆయిల్‌లా తేనె రంగులో ఉంది. మాడిన వాసన లేదు.

"ఏందది?" అంది నా భార్య.

"ట్రాక్టర్ ఆయిల్."

"మనకు ట్రాక్టర్ యాడిది?"

"గదే అడుగనీకి పోతున్న."

ఆ రోజు ఆమెను ఆసుపత్రిలో దింపి, గుడ్డ పట్టుకొని షెడ్డుకు పోయాను. అక్కడికి వచ్చేవి దాదాపు అన్నీ ట్రాక్టర్లే. ట్రాక్టరుకు గేర్లకూ బ్రేకులకూ వెనక లిఫ్టుకూ ఒకటే ఆయిల్. షెడ్డు మూలన ఒకటే డ్రమ్ము. యజమాని గుడ్డను చూశాడు, డ్రమ్మును చూశాడు.

"ఎర్రది తెప్పిస్త. కూసో బాపూ."

ఒక్కసారి దించితే పాత ఆయిల్ మొత్తం దిగదు, సగానికి పైగా లోపలే ఉండిపోతుంది. ఎర్రది పోసి, బండి తిప్పి, మళ్లీ దించాడు. గుడ్డ మీద ఎరుపు తేలేదాకా అదే పని. నేను విరిగిన కుర్చీలో కూర్చొని మోకాలు రుద్దుకున్నాను. కేకలేయాలని వచ్చినవాణ్ని, అంత ఓపిక కూడా మిగల్లేదు.

'డి'లో పెట్టాను. బండి మెత్తగా కదిలింది.

ఆమెకు సూదులు తీసే వేళవుతోంది. అయినా అద్దం దించి అడిగాను: "తెలిసే పోసినవా?" వినబడనట్టు చేతులు తుడుచుకున్నాడు. మళ్లీ అడిగాను. బ్రేకు మీది నుంచి కాలు తీయలేదు.

చివరికి అన్నాడు: "పిట్లం కాడి నుంచి ఈడికొచ్చే బండ్లన్నిట్ల, కార్లల్ల గూడ, గదే పోస్త బాపూ. ఇయ్యాల్టిదాంక ఒక్కడన్న పుల్ల తీసి రంగు చూసిండా?"