చీటీ రాసినాయన

మా గిటారిస్టు పోయాడని మొన్నామధ్య ఒక పొద్దున్నే వాళ్లావిడ ఫోన్ చేసి చెప్పింది. నిద్రలోనే గుండె ఆగిందట. ఫోన్ పెట్టేసి కొట్టు తెరిచాను, మూశాను, మళ్లీ తెరిచాను.

నర్సాపురంలో మైకుసెట్లు అద్దెకిచ్చుకునే నన్ను మేనేజర్ని చేసింది అతనే. తొంభైల్లో ఒకరోజు తన గిటారుకి సరిపడే బాక్సులు కావాలని వచ్చాడు. అవి తిరిగిచ్చేలోపే ఇంకో రెండు ప్రోగ్రాములు నాచేత మాట్లాడించాడు. ఆ తర్వాత ఆరేళ్లు అతని వెంటే తిరిగాను.

ఒకచోట కుదురుగా కూర్చునే మనిషి కాదు. వ్యానుని పంటు ఎక్కించి గోదావరి దాటుతుంటే అందరం ఒడ్డు చూస్తూ నిలబడేవాళ్లం. అతను ఈ చివరి నుంచి ఆ చివరికి నడుస్తూ, ఇనప కమ్మీల మీద వేళ్లతో దరువేసేవాడు. పంటు నడుస్తోందిగా, నువ్వెందుకయ్యా నడవడం అంటే, "దీని స్పీడు నాకు చాలదండి" అనేవాడు.

తెలుగులోనే సొంతంగా రాక్ పాటలు కట్టుకున్నాడు. లాకులు ఎత్తగానే కాలవలోకి నీళ్లు దూకే చప్పుడు మీద ఒకటి ఉండేది. కానీ మమ్మల్ని పిలిచేది రిసెప్షన్లకీ చవితి పందిళ్లకీ. జనం చీటీల మీద సినిమా పాటలు రాసి పంపేవారు. చీటీ రాని పాట పాడకూడదని కమిటీల పట్టు. చీటీలు పోగేసి అతనికందించడం నా పని. ఒక్కదాంట్లోనూ అతని పాట ఉండేది కాదు.

ఒక మధ్యాహ్నం పంటు మీద, "ఇదే ఆఖరు ప్రోగ్రామండి. మా బావ రైసుమిల్లులో గుమస్తా పని చూశాడు" అన్నాడు. ఆ పూట అతను నడవలేదు. ఒక మూల కూర్చున్నాడు. నాకు భయం వేసింది.

ఆ సాయంత్రం స్టేజి వెనక నేనే ఒక చీటీ రాశాను. మీ సొంత పాట పాడండి అని. మిగతావాటి మధ్యలో పెట్టి ఇచ్చాను. చదివి, జనంలోకి చాలాసేపు చూశాడు. ఎవరో అడిగారండీ అని కమిటీ వాళ్లకి చూపించి పాడాడు. సగంమంది టీలకు లేచారు. ముందు వరసలో ఒక పెద్దాయన చెవులు మూసుకున్నాడు. అయినా మర్నాడు రైసుమిల్లుకి వెళ్లలేదు. రెండేళ్లు తిరిగేసరికి చీటీల్లో ఆ పాటే వచ్చేది. క్యాసెట్టు వచ్చింది, నాకన్నా పెద్ద మేనేజర్లు వచ్చారు.

ఎప్పుడు కలిసినా ఒకటే మాట. "ఆ చీటీ రాసినాయన కనబడితే చెప్పండి మేనేజరు గారూ. రాత మాత్రం కోడి కెలికినట్టుంది." నేను నా రోజువారీ ఖర్చుల పుస్తకంలోకి తల దించుకునేవాణ్ణి. నిజం చెబితే ఆ పాట మీద అతనికి నమ్మకం పోతుందేమోనని.

పదో రోజున గోదావరి దాటి రాజోలు వెళ్లాను. వాళ్లావిడ గిటారు పెట్టె తెరిచి, మడత పెట్టిన కాగితం ఒకటి తీసింది. "అన్నయ్య గారూ, ఇది మీకు ఇమ్మనేవారండి" అంది.

ఆ చీటీయే. తిప్పి చూశాను. ఎర్రగీత కొట్టిన కాగితం, నా పుస్తకంలోంచి చింపిందే. వెనక నా రాతలోనే, 'పంటు మీద టీలు, నలుగురికి' అని ఉంది. ఆ రోజుల్లో ఆ పుస్తకం అతను రోజూ చూసేవాడు.

తిరిగొచ్చేటప్పుడు పంటు మీద కూర్చోలేకపోయాను. ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచాను. కమ్మీ ఎండకి కాలుతోంది. అయినా వేళ్లు ఆగలేదు.