గొలుసు మీద చెయ్యి

వెండెల్ నలభై దాటాక లారీ స్టీరింగు పట్టాడు. కళ్లు రోడ్డు మీదే ఉన్నా, మనసు మాత్రం వెనకనున్న సరుకు మీదే. గోడలూ కప్పూ లేని ట్రైలర్ మీద, అమెరికాలోని ఇండియానాలో ఒక ఉక్కు మిల్లులో ఎక్కించిన ఇరవై టన్నుల ఉక్కు రేకు చుట్ట. గట్టిగా బ్రేకు తొక్కినప్పుడు దాన్ని కట్టిన గొలుసులు తెగితే, అది ముందుకొచ్చి క్యాబిన్‌ను అప్పడంలా నలిపేస్తుందని శిక్షణలోనే చెప్పారు. అప్పట్నుంచి అతని ప్రాణమంతా వీపులోనే ఉంది. బంకు కనబడితే చాలు, ఆపి దిగుతాడు. గొలుసులన్నీ ఒక్కొక్కటే లాగి చూస్తాడు. చేతి తొడుగు విప్పి, మళ్లీ వట్టి చేత్తో లాగుతాడు. ఎక్కి తలుపు వేసుకుని, మళ్లీ దిగుతాడు. సరుకు కట్టాక గొలుసును అరచేత్తో చరిచి "ఇదింకెక్కడికీ పోదు" అనడం ఈ డ్రైవర్ల ఆనవాయితీ. వెండెల్ చరుస్తాడు గానీ, ఆ మాట గొంతు దాటదు.

ఆ మధ్యాహ్నం కెంటకీలో ఒక బంకు దగ్గర, పక్కనే ఇనప కడ్డీల లారీ ఆపిన ముసలి డ్రైవరు హార్లన్ కాఫీ తాగుతూ ఇదంతా చూశాడు. "ఏం కొత్త పెళ్లికొడుకా, నువ్వటు తిరగ్గానే లేచిపోతుందనా? ముప్పై ఏళ్లుగా సరుకు తోలుతున్నా నేను. ఒక్క దెబ్బ, ఒక్క మాట, అంతే." తన గొలుసును చరిచి, ఆ మాట అనేసి నవ్వాడు. వెండెల్ సిగ్గుపడి క్యాబిన్ ఎక్కాడు. అద్దంలో చూస్తే, హార్లన్ అటూ ఇటూ చూసుకుని, కాఫీ కింద పెట్టి, తన గొలుసులన్నీ ఒక్కొక్కటే లాగుతున్నాడు. చివర్న తొడుగు విప్పి, వట్టి చేత్తో. కొన్నాళ్లు నడిపితే ఈ భయం పోతుందని అప్పటిదాకా నమ్మాడు వెండెల్.