ఎడమచేతి ముడి

మా పెద్దమ్మ ముప్పై ఏళ్లుగా గోగునార తీస్తోంది. గోగు కట్టెల్ని మోపులు కట్టి, గుంటలో రాళ్ల బరువు కింద నానబెట్టి, బెరడు మెత్తబడ్డాక నార ఒలుస్తుంది. ఆమె అత్తగారు, అంటే మా నానమ్మ, బతికున్నన్నాళ్లూ కోడలి మోపులకి వంకలు పెడుతూనే ఉండేది. "ఇదీ ఒక ముడేనా? ఊదితే ఊడిపోయేలా ఉంది" అంటూ విప్పేసి, తన ఎడమచేతి వాటంతో తిరగేసిన ముడి బిగించేది. అలాంటి ముడి ఇంకెవరికీ రాదు.

నానమ్మ పోయిన ఏడాదికి, పెద్దమ్మ ఇరవై మోపులు తనే కట్టి గుంటలో వేసింది. పన్నెండో రోజున మేమిద్దరం నడుంలోతు నల్లనీళ్లలోకి దిగాం. రాళ్లు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. వాటిని తీస్తే, పైకొచ్చిన ప్రతి మోపుకీ ఎడమచేతి ముడే ఉంది.

నేను గట్టుకేసి రెండడుగులు వెనక్కి వేశాను. పెద్దమ్మకి మాత్రం ఒళ్లు మండింది.

"పోయాక కూడా నా పని నచ్చలేదా ఈవిడకి" అంది, నీళ్లకేసి చూస్తూ.

తర్వాతి విడతకి పంతం పట్టి, వేళ్లు ఎర్రబడేలా బిగించింది. తీసేసరికి అన్నీ ఆమె ముడులే. గెలిచానని నవ్వుతుందనుకున్నాను. గట్టు మీద కూలబడి, ఒక్కో ముడినీ తడిమి చూసింది.

"ఒక్కటీ ముట్టుకోలేదే" అంది.

అప్పటి నుంచి ప్రతి విడతలోనూ ఒక్క మోపుకి కావాలనే వదులుగా ముడి వేస్తోంది. అది మాత్రం ఎడమచేతి ముడితో బిగుసుకునే పైకొస్తోంది.